ముఖం చూసి తలుపు తీయదట!

అద్దంలో మన ముఖం ఒక్కొక్కప్పుడు మనకే నచ్చదు. అది సహజం. కాని మన డబ్బు పోసి కొన్న యంత్రమే మన ముఖంలోకి చూసి “నీవెవరో నేనెరుగను” అంటే యెంతటి వాడికైనా ప్రాణం చివుక్కుమనదూ? మొన్న నాకా అనుభవం కలిగింది.

మా కాపురం చిక్కడపల్లిలో. సాయంత్రమైతే త్యాగరాయ గానసభకు పోయేవారు కొందరు, నగర కేంద్ర గ్రంథాలయం నుంచి పుస్తకాల సంచులతో టీకి బయలుదేరే కుర్రకారు కొందరు, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సినిమాహాళ్ళకు పరుగెత్తేవారు మరికొందరు. ఈ సందడి చెవిని పడుతుండగా, పడమటి కిటికీకి వీపు పెట్టి కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. నలభై యిద్దరు పిల్లల మార్కులు ఆ రాత్రి ఎనిమిది గంటలలోగా కాలేజీకి పంపాలి. మార్కులన్నీ దాని కడుపులోనే వున్నాయి.

రోజూ నా ముఖం చూడగానే తలుపు తీసే యంత్రం, ఆవేళ కాసేపు తేరిపార చూసి, గుర్తుపట్టలేకపోయానన్నది. పిన్ నంబరు కొట్టమన్నది. పిన్నా? యేడాది క్రితం యేదో పెట్టాను. ముఖంతో పని జరిగిపోతుంటే అంకెలు యెవరికి కావాలి? నాకు తోచినవి కొట్టాను. కాదన్నది.

“నిన్ననే గదండీ మీసం తీసేశారు? నేనే గుమ్మంలో ఒక్క క్షణం తటపటాయించాను. పాపం, అదెంతటిది!” అన్నది మా ఆవిడ.

గడియారం ఆరు కొట్టింది. పైగదిలో వుండి గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న కుర్రవాణ్ణి పిలిచాను. అతను యంత్రాన్ని ముట్టుకోలేదు. ముందు నన్ను చూశాడు.

“సార్, యెండంతా మీ వీపు వెనకనుంచి నేరుగా కెమెరా కంట్లో పడుతోంది. మీరు దానికి నల్లటి నీడలా కనబడుతున్నారు. ఈ కళ్ళజోడు కొత్తదా?”

కొత్తదే. నాకు చత్వారం వచ్చింది. నారాయణగూడలో అద్దాలు చేయించుకుని నాలుగు రోజులైంది.

అతను కిటికీ తెర లాగాడు. కెమెరా మీద నా వేలిజిడ్డు మెత్తని గుడ్డతో తుడిచాడు. కళ్ళజోడు తీసి, మూరెడు దూరంలో తిన్నగా కూర్చోమన్నాడు. తలుపు తెరుచుకున్నది! తప్పు యంత్రానిది కాదు, నాదే.

అసలు ఈ యంత్రం మనల్ని యెలా పోలుస్తుంది? మా ఆవిడ నడకనుబట్టి, దగ్గునుబట్టి కూడా నన్ను పోలుస్తుంది. యంత్రానికా భాగ్యం లేదు. దానికి తెలిసినవి కొలతలే. కళ్ళెక్కడ, ముక్కెక్కడ, వాటి మధ్య దూరమెంత అన్న లెక్కలే. ముఖాలను ఇలా లెక్కల్లోకి దించే ప్రయత్నం అమెరికాలో 1960 ప్రాంతాల్లో బ్లెడ్సో అనే శాస్త్రజ్ఞుడు మొదలుపెట్టాడు. 1973లో జపానులో తకేవో కనాడే తన పరిశోధనలో ఆ కొలతలు యంత్రమే తీసుకునేలా చేశాడు. మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్టుకు అధిపతి అయిన మరుసటి యేడు, 2015లో, విండోస్ 10తో పాటు ‘విండోస్ హలో’ పేర ఈ సదుపాయం లాప్‌టాప్‌లకు వచ్చింది.

దీనికి మామూలు కెమెరా చాలదు. మన కంటికి కనబడని పరారుణ కాంతిని ముఖం మీద ప్రసరించి, ఆ వెలుగులో చూసే కెమెరా కావాలి. యెండలోనూ ఆ కాంతి మెండుగా వుంటుంది గనుక, సూర్యుడు సూటిగా కెమెరాలోకి చూస్తే దాని చూపు చెదురుతుంది. ఇదివరకు చీకట్లో కూడా పనిచేసేది. 2025 ఏప్రిల్‌లో భద్రత కోసం చేసిన మార్పు తరువాత విండోస్ 11లో మామూలు రంగుల కెమెరాకు కూడా ముఖం కనబడాలి. కాబట్టి దీపమార్పి కూర్చుని యంత్రాన్ని తిట్టి లాభం లేదు.

ఇలాటి చిక్కు మీకూ వస్తే వరుసగా ఇలా చూడండి. మొదట కెమెరా మూత, జిడ్డు. తరువాత వెలుతురు యెటునుంచి వస్తున్నదో. ఆ తరువాత కళ్ళజోడు. రూపం మారినట్లయితే సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో సైనిన్ ఆప్షన్స్ తెరిచి, ‘ఇంప్రూవ్ రికగ్నిషన్’ నొక్కి, కళ్ళజోడుతో ఒకసారి, లేకుండా ఒకసారి ముఖం చూపండి. అప్పటికీ కుదరకపోతే పాత ముఖాన్ని తీసివేసి మళ్ళీ నమోదు చేయండి. అదీ కాకపోతే విండోస్ అప్‌డేట్‌లో కెమెరా డ్రైవరు కొత్తది వున్నదేమో చూడండి.

వీటన్నిటికన్న ముఖ్యమైనది పిన్. అది ఆ ఒక్క యంత్రానికే చెందిన తాళంచెవి. పుట్టినతేదీ పెట్టకండి. నెలకొకసారైనా ముఖం పక్కన పెట్టి పిన్ కొట్టి లోపలికి వెళ్ళండి, మరపు రాదు. మరిచినా, ‘ఐ ఫర్‌గాట్ మై పిన్’ అనే దారి వున్నది. కాని దానికి ఇంటర్నెట్టు, అకౌంటు సంకేతపదం, చేతిలో ఫోను కావాలి. కుర్రవాడు నాచేత ఆ సాయంత్రమే కొత్త పిన్ పెట్టించాడు.

లాప్‌టాప్ సంగతే కాదు. 2020 జనవరి మునిసిపల్ ఎన్నికల్లో మన నగరం అంచున వున్న కొంపల్లిలో, పది పోలింగు కేంద్రాల్లో ఓటర్ల ముఖాలను యంత్రంచేత పోల్పించి చూశారు. ముఖం కలవలేదని యెవరి ఓటూ కాదనకూడదనీ, మామూలు గుర్తింపు పత్రాలు చూడాలనీ ముందే నిర్ణయించారు. పింఛనుదారులు ఫోనులో ముఖం చూపి జీవన ప్రమాణపత్రం పొందే వీలు 2021లో వచ్చింది. వేలిముద్ర, బ్యాంకులో కాగితం దారులు మూసివేయలేదు. వయసుతో ముఖం వడలుతుంది, పళ్ళూడుతాయి, కళ్ళకు పొర కమ్ముతుంది. అంతమాత్రాన మనిషి మారిపోతాడా? రెండోదారి లేని తలుపు యెంత గొప్పదైనా ప్రమాదమే.

ఏడూ ముప్పావుకు మార్కులు పంపించాను. కుర్రవాడికి కాఫీ యిస్తూ మా ఆవిడ, “మీసం మళ్ళీ పెంచమంటావా, నాయనా?” అని అడిగింది.

“యంత్రానికి అక్కర్లేదండీ, మీ యిష్టం!” అన్నాడతను.

నేను పెంచుతున్నాను.