మిరప మోయు బండికి టైర్లు, కమాను పట్టీలు: ఇంధనపు లెక్క

ఇనుపపట్టా చక్రముల ఎడ్లబండికి బదులు రబ్బరు టైర్ల బండి వచ్చినప్పుడు, అవే ఎడ్లు గట్టి బాట మీద మునుపటికంటె ఎక్కువ బరువును లాగుట మన పెద్దలు చూచిరి. ఎడ్లు మారలేదు, చక్రము మారినది. నేడు ఎడ్ల స్థానమున ఇంజను ఉన్నది గాని సూత్రము అదియే. చక్రము సరిగా లేనిచో ఎంత మంచి ఇంజనైనను మేత ఎక్కువ తినును.

వినుకొండ, మార్కాపురం, దర్శి, చిలకలూరిపేట వైపుల నుండి గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు మోయు పికప్ బండ్లకు కొందరు రెండు మార్పులు చేయించుచున్నారు. ఒకటి, కంపెనీ ఇచ్చిన వాటికంటె ఎత్తైన, లావైన టైర్లు. రెండు, వెనుక కమాను కట్టలో అదనపు పట్టీలు. నల్లరేగడి డొంకలో బండి దిగబడరాదనియు, బరువుకు వెనుక భాగము క్రుంగరాదనియు వారి ఉద్దేశము. కాని ఈ మార్పుల ఖర్చు దుకాణములో చెల్లించిన దానితో తీరదు. ప్రతి కిరాయిలోను కొంత చొప్పున డీజిలు రూపమున పోవుచునే ఉండును.

టైరులో పోవు శక్తి

చక్రము తిరుగునప్పుడు నేలను తాకిన చోట రబ్బరు అణగి, పైకి లేచిన వెంటనే మరల నిక్కును. అణచుటకు పట్టిన శక్తి అంతయు తిరిగి రాదు. కొంత వేడిగా మారును. యార్డుకు చేరిన తరువాత టైరును ముట్టి చూడుడు. ఆ వేడిలో చాలవరకు మీరు కొన్న డీజిలే. గాలి తగ్గినచో టైరు ఎక్కువ అణగును, నష్టము పెరుగును. నాలుగు చక్రములలో సగటున ఒక పౌను గాలి తగ్గినచో (దీనినే గాలి కొట్టువారు పాయింటు అందురు) మైలేజి సుమారు 0.2 శాతము తగ్గునని అమెరికా ఇంధన శాఖ లెక్క. 10 పౌనులు తగ్గినచో 2 శాతము. బురదకు పనికివచ్చు లోతు గళ్ళ టైర్లు తారురోడ్డు మీద సాధారణ టైర్లకంటె బరువుగా దొర్లును. పైగా బరువైన చక్రమును ఆగిన చోటు నుండి కదల్చుటకు ప్రతిసారి ఎక్కువ శక్తి కావలెను.

మీటరు చెప్పు అబద్ధము

టైరు ఎత్తు పెరిగినచో చక్రము ఒక చుట్టుకు ఎక్కువ దూరము పోవును. మీటరు మాత్రము పాత లెక్కనే చూపును. ఉదాహరణకు 215/75 ఆర్ 15 టైరు ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. 235/75 ఆర్ 15 టైరు ఎత్తు సుమారు 733. తేడా 4 శాతము పైన. బండి 25 కిలోమీటర్లు నడిచిన, మీటరు 24 మాత్రమే చూపును. వేగము కూడ తక్కువగా చూపును; ఇది ప్రమాదము. కావున మైలేజి తగ్గినదని గాని, తగ్గలేదని గాని చెప్పుటకు ముందు జాతీయ రహదారి మీది కిలోమీటరు రాళ్ళతో మీటరును సరిచూచుకొనవలెను.

కమాను పట్టీలు, బండి ఎత్తు

పట్టీ చేర్చినంత మాత్రమున బండి మోయు శక్తి పెరగదు. ఇరుసు, బ్రేకులు, బేరింగులు పాతవే. తిరుగు ప్రయాణమున ఖాళీ బండి ఎగిరెగిరి పడును. చక్రము నేలను వదలిన క్షణమున బ్రేకు పట్టదు. బండి ఎత్తు పెరిగిన కొలది మలుపులలో బోల్తా పడు భయము ఎక్కువ. ఎదురుగాలి కూడ ఎక్కువ తగులును. వేగము 40 నుండి 80 కిలోమీటర్లకు పెరిగినచో గాలి అడ్డు నాలుగు రెట్లగును. మార్పు వలన చక్రముల వాలు తప్పినచో టైర్లు ప్రక్కకు ఈడ్వబడి అరుగును. అంతేగాక, కంపెనీ నమోదు చేసిన వివరములకు భిన్నముగా బండిని మార్చుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము నిషిద్ధము.

హైబ్రిడ్ బండి అయినచో?

1997లో జపానులో టయోటా ప్రియస్ కారుతో హైబ్రిడ్ విధానము విరివిగా అమ్మకమునకు వచ్చినది. 2021లో అమెరికాలో ఫోర్డు కంపెనీ మావెరిక్ అను హైబ్రిడ్ పికప్పును ప్రవేశపెట్టినది. ఇట్టి బండిలో బ్రేకు వేయునప్పుడు మోటారే డైనమోగా మారి, బండి పరుగులోని శక్తిలో కొంత బ్యాటరీకి చేర్చును. అందుచేత టైర్ల నష్టము కూడ తిరిగి వచ్చునని కొందరు తలంతురు. అది పొరపాటు. పరుగులో మిగిలి ఉన్న శక్తియే తిరిగి వచ్చును. టైరులో వేడిగా పోయినది, గాలిని చీల్చుటకు పోయినది తిరిగి రాదు. విద్యుత్తు సరకు ఆటోలకును ఇదే వర్తించును. వీటిలో ఇంజను వృథా తక్కువ కావున టైరు వృథాయే పెద్దదిగా కనబడును.

లెక్క వేసి చూడుడు

మీ బండి పోను రాను 200 కిలోమీటర్లు నడచుననియు, లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చుననియు అనుకొందము. మార్పుల వలన 10 శాతము తగ్గి 10.8 అయినచో ఒక్క ప్రయాణమునకు 1.85 లీటర్లు అదనము. మిరప కాలమున 40 ప్రయాణములకు 74 లీటర్లు. అప్పు మీద బండి కొన్నవానికి ఇది చిన్న మొత్తము కాదు.

పొలము సంగతి

టైరు నేల మీద వేయు ఒత్తిడి దాదాపు దానిలోని గాలి ఒత్తిడికి సమానము. సరకు బండ్ల టైర్లలో గాలి హెచ్చు. తడి నల్లరేగడిలో అట్టి బండి తిరిగినచో నేల గట్టిపడి, నీరు ఇంకదు, వేరు దిగదు. తరువాతి పైరు ఆ జాడలలో గిడసబారును. పెద్ద టైర్లున్నవని తడి చేలోనికి బండిని దించరాదు. గట్టు మీదనే నిలిపి సరకును అచటికి చేర్చుడు.

చేయవలసినది ఇంతే: కంపెనీ సూచించిన కొలత టైర్లే వాడుడు. ఉదయము, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, బండి తలుపు వద్ద గాని పుస్తకములో గాని సూచించినంత గాలి, బరువుకు తగినట్లు పట్టించుడు. వేడెక్కినప్పుడు పెరిగిన గాలిని తీసివేయకుడు. విరిగిన పట్టీకి బదులు అదే రకము వేయించుడు, అదనముగా చేర్చవద్దు. బరువు ఎక్కువైనచో ఇంకొక కిరాయి వేయుడు. ట్యాంకు నిండుగా పోయించి, మరల నిండుగా పోయించునంతవరకు నడిచిన దూరమును ఒక పుస్తకములో వ్రాసి ఉంచుడు. ఒక్క మిరప కాలము ఆ లెక్క వ్రాసినచో, ఏ మార్పు లాభమో, ఏది నష్టమో మీకే తెలియును.