తేమ ఇవ్వదు, పోనివ్వదు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు యాసంగి నాట్లు పడే రోజులే చలి ముదిరే రోజులు. పొద్దంతా బురదలో నానిన పాదాలు సాయంత్రానికి ఆరి, బిగుసుకుని, మడమల దగ్గర పగులుతాయి. గీరితే తెల్లటి చార పడే పిక్కలు, చిట్లిన పెదవులు ఇంటింటా కనిపిస్తాయి. కిరాణా కొట్టులో వాజిలిన్ డబ్బా పక్కనే దానికి ఎన్నో రెట్లు ధర పలికే క్రీములు ఉంటాయి. వాటిలో ఏది మేలన్నదే అందరి ప్రశ్న. కానీ బాగా పొడిబారిన చర్మం విషయంలో ఏం రాస్తున్నాం అన్నదే కాదు, ఎప్పుడు రాస్తున్నాం అన్నదీ తేడా తెస్తుంది. ఎందుకో తెలియాలంటే వాజిలిన్, అంటే పెట్రోలియం జెల్లీ, ఎలా పుట్టిందో, దాని పనితీరు మనిషికి ఎంత ఆలస్యంగా అర్థమైందో చూడాలి.

1859లో అమెరికాలోని టైటస్‌విల్ దగ్గర ఎడ్విన్ డ్రేక్ తవ్వించిన బావిలో చమురు పడింది. అప్పటిదాకా తిమింగలం కొవ్వు నుంచి దీపాల నూనె తీస్తున్న రాబర్ట్ చీజ్‌బ్రో అనే ఇరవై రెండేళ్ల రసాయనకారుడికి అది పొట్ట కొట్టే వార్త. కొత్త వ్యాపారం వెతుక్కుంటూ ఆ చమురు పడిన ఊరికే వెళ్లాడు. అక్కడ పంపు కడ్డీలకు నల్లటి మైనం లాంటి జిగురు పేరుకుపోయి పనికి అడ్డం పడేది. కూలీలు దాన్ని తిట్టుకుంటూనే, తెగిన చోటా కాలిన చోటా పూసుకునేవారు. చీజ్‌బ్రో ఆ మడ్డిని తీసుకెళ్లి, ఎముకల బొగ్గు గుండా వడకట్టి, రంగూ వాసనా పోగొట్టాడు. 1872లో వాజిలిన్ పేరుతో పేటెంట్ తీసుకున్నాడు. తోలును మెత్తబరచడానికీ, చిట్లిన చేతులకూ ఇది పనికొస్తుందని ఆ పేటెంట్‌లోనే రాశాడు. జనాన్ని నమ్మించడానికి వాళ్ల కళ్లముందే తన చర్మాన్ని కోసుకుని, కాల్చుకుని, దీన్ని రాసి చూపించేవాడు. అయితే అది ప్రదర్శనే తప్ప పరీక్ష కాదు. జెల్లీ రాయని గాయం పక్కన లేనప్పుడు, మానింది జెల్లీ వల్లనో దానంతటదేనో ఎవరు చెప్పగలరు? సరుకు మంచిదే, కారణం మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ కారణం దొరకడానికి మరో ఎనభై ఏళ్లు పట్టింది. పొడి చర్మమంటే నూనె తగ్గిన చర్మమని అంతా అనుకునేవారు. బోస్టన్‌లో ఇర్విన్ బ్లాంక్ 1952లో ప్రచురించిన ప్రయోగాలు ఆ నమ్మకాన్ని తిరగేశాయి. కాయ కాసి, ఎండి పెళుసెక్కిన చర్మపు ముక్కల్ని నూనెల్లో నానబెడితే పెళుసుగానే ఉండిపోయాయి. నీళ్లు తగిలితే మెత్తబడ్డాయి. కోరుట్లలోనో సిరిసిల్లలోనో బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. ఎండిన తునికాకును వంచితే పెటిల్లున విరుగుతుంది. దాన్ని మెత్తబరచడానికి ఎవరూ నూనె పూయరు. నీళ్లలో తడిపి, ఆ తడి ఆరకుండా తడి గోనెలో చుట్టి ఉంచుతారు. మెత్తబరిచేది నీరు, దాన్ని కాపాడేది గోనె. చర్మం మీద జెల్లీ చేసేది ఆ గోనె పనే. దానిలో నీటి చుక్క కూడా ఉండదు. లోపలి నుంచి నిత్యం పైకి వచ్చే తేమ గాలిలో కలిసిపోకుండా ఆపుతుంది, అంతే. చలికాలంలో ఆ అవసరం ఎందుకు పెరుగుతుందో లెక్క వేసి చూడవచ్చు. 15 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి పట్టగలిగే నీటి ఆవిరి సుమారు 13 గ్రాములు. 30 డిగ్రీల దగ్గర అది 30 గ్రాములు. అంటే తెల్లవారుజామున మంచు కురిపించిన గాలే మధ్యాహ్నం వేడెక్కాక, తన సామర్థ్యంలో సగం కూడా నిండక, చర్మం నుంచి తేమను లాగేస్తుంది.

ఇంత మాత్రానికైతే చర్మం మీద ప్లాస్టిక్ కాగితం చుట్టినా చాలదా అనిపించవచ్చు. 1992లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు చూపిందేమిటంటే, జెల్లీ పైపైనే ఉండిపోదు. చర్మపు పైపొరలోని కణాల మధ్య ఖాళీల్లోకి దిగుతుంది, దాని కింద దెబ్బతిన్న పొర మళ్లీ కట్టుకుంటుంది. అందుకే కొత్త క్రీముల సత్తా తేల్చేటప్పుడు ఇప్పటికీ దీన్ని పక్కన పెట్టి పోల్చి చూస్తారు.

‘పెట్రోలు మడ్డిని ఒంటికి పూసుకోవడమా?’ అన్నది మొదటి అభ్యంతరం. ముడి చమురులో హానికరమైన పదార్థాలు ఉండే మాట నిజమే. ఔషధ ప్రమాణాల ప్రకారం శుద్ధి చేయడం వాటిని తొలగించడానికే. కాబట్టి డబ్బా మీద ‘ఐ.పి.’ (భారత ఔషధ ప్రమాణం) గుర్తు చూసి కొనడం సబబు, విడిగా దొరికే గ్రీజు రాయడం కాదు. చర్మానికి ఊపిరాడదన్నది రెండోది. ఊపిరి పీల్చడం ఊపిరితిత్తుల పని. కానీ మన ఎండాకాలంలో ఒళ్లంతా పట్టిస్తే చెమట అడ్డుపడి పేలవచ్చు కనుక ఇది చలికాలపు మందు, పగిలిన చోటి మందు. మూడోది, తాతల నాటి కొబ్బరినూనె చాలదా అన్నది. 2004లో ఫిలిప్పీన్స్‌లో పొడి చర్మం ఉన్న 34 మందికి రెండు వారాల పాటు కొందరికి కొబ్బరినూనె, కొందరికి జెల్లీలాగే పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ ఇచ్చి చూస్తే రెండూ దాదాపు సమానంగానే పనిచేశాయి. ఇదీ నా వాదనకే బలం. తేమను ఆపే పని ఖరీదైన సీసాల సొత్తు కాదు.

హద్దులూ చెప్పుకోవాలి. మందంగా గట్టిపడిన మడమకు తేమను ఆపే మూత ఒక్కటే చాలదు, ఆ గట్టి పొరను కరిగించే యూరియా క్రీము కావాలి. మధుమేహం ఉన్నవాళ్ల పాదాల పగులును డాక్టరుకు చూపించాల్సిందే. జెల్లీ ఇంకిన బట్టకు నిప్పంటుకుంటే వేగంగా కాలుతుందని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. రాత్రి పూసుకుని దుప్పటి కప్పుకునేవాళ్లు బీడీనీ పొయ్యినీ దూరంగా పెట్టాలి.

జెల్లీ ఆపేది అప్పటికే ఉన్న తేమనే కనుక రాసే సమయమూ ముఖ్యమే. దాన్ని పరీక్షించాలంటే చీజ్‌బ్రోలా కాకుండా ఇలా చేయాలి. ఒకే జెల్లీని కుడి పిక్కకు స్నానం చేసి తుడుచుకున్న మూడు నిమిషాల్లోపు, చర్మం ఇంకా చెమ్మగా ఉండగా రాయాలి. ఎడమ పిక్కకు పూర్తిగా ఆరిపోయాక రాయాలి. రెండు వారాల తర్వాత రాయడం మానేసి, ఏ కాలి మీద తెల్లచార ముందు తిరిగొస్తుందో చూడాలి. మాయిశ్చరైజర్లను తూకం వేసేందుకు ఆల్బర్ట్ క్లిగ్మన్ 1978లో పెట్టిన పద్ధతి కూడా ఇలాంటిదే. మందు రాస్తున్నన్నాళ్లూ కనిపించే నిగనిగ కాదు, మానేశాక మేలు ఎన్నాళ్లు నిలిచిందన్నదే ఆయన కొలత. సమయం మార్చినందుకు వచ్చే తేడా ముందు తేలితే, ఆ తర్వాత ఖరీదైన క్రీముకు డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఎవరికి వారే తేల్చుకోగలరు.