నీటి స్నిగ్ధత – నేల కణరచన విశ్లేషణలో దాని పాత్ర

నేల కణరచనను నిర్ణయించే పిపెట్టు పద్ధతిని వ్యవసాయ విద్యార్థులందరూ ప్రయోగశాలలో అభ్యసిస్తారు. చెదరగొట్టిన మట్టిని పొడవైన సిలిండరులో నీటితో కలిపి, నిర్ణీత కాలం గడిచిన తరువాత నిర్ణీత లోతు నుండి నమూనా తీస్తారు. ఆ కాలాన్ని ఎలా నిర్ణయించారని మౌఖిక పరీక్షలో అడిగితే చాలామంది పట్టికను చూపుతారు. ఆ పట్టికకు మూలాధారం నీటి స్నిగ్ధత.

ప్రవాహి పొరలు ఒకదానిపై ఒకటి జారేటప్పుడు ఏర్పడే నిరోధం వేగ ప్రవణతకు అనులోమానుపాతంలో ఉంటుందని న్యూటన్ 1687లో ప్రతిపాదించాడు. ఆ అనుపాత స్థిరాంకమే స్నిగ్ధత. నీరు, గాలి, గ్లిజరిన్ ఈ నియమాన్ని పాటిస్తాయి కనుక వాటిని న్యూటోనియన్ ప్రవాహులు అంటారు. నేవియర్ 1822లోనూ, స్టోక్స్ 1845లోనూ రూపొందించిన ప్రవాహ సమీకరణాలు ఈ భావనపైనే నిలిచాయి. ద్రవంలో పడే చిన్న గోళపు చరమ వేగం స్నిగ్ధతకు విలోమానుపాతంలో ఉంటుందని స్టోక్స్ 1851లో నిరూపించాడు.

ఇక్కడ 'స్థిర స్నిగ్ధత' అనే మాటను విద్యార్థులు తరచు అపార్థం చేసుకుంటారు. ద్రవాన్ని ఎంత వేగంగా కలిపినా స్నిగ్ధత మారదని మాత్రమే దాని అర్థం. ఉష్ణోగ్రతతో అది తప్పక మారుతుంది. నీటి స్నిగ్ధత 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 1.00 మిల్లీపాస్కల్-సెకను కాగా, 30 డిగ్రీల వద్ద 0.80 మాత్రమే. కణ సాంద్రతను ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాములుగా తీసుకుంటే, 0.002 మిల్లీమీటర్ల వ్యాసం గల కణం 10 సెంటీమీటర్ల లోతుకు దిగడానికి 20 డిగ్రీల వద్ద సుమారు 7 గంటల 45 నిమిషాలు, 30 డిగ్రీల వద్ద సుమారు 6 గంటల 10 నిమిషాలు పడుతుంది.

వేసవిలో 30 డిగ్రీల వేడి గల గదిలో 20 డిగ్రీల కాలాన్నే పాటిస్తే, ఆ లోతులో ఉండవలసిన బంకమన్ను కణాలలో పెద్దవి అప్పటికే కిందికి దిగిపోతాయి. ఫలితంగా బంకమన్ను శాతం తక్కువగా నమోదవుతుంది. రెండు కణరచన తరగతుల సరిహద్దులో ఉన్న నేలకు ఈ పొరపాటు తరగతినే మార్చివేయవచ్చు. ఆ తరగతిని ఆధారం చేసుకొని సూచించే నీటి తడుల వ్యవధి కూడా దానితోపాటే మారుతుంది.

మరొక జాగ్రత్త కూడా అవసరం. చిక్కని బంకమన్ను అవలంబనం న్యూటోనియన్ ప్రవాహి కాదు. కదలనప్పుడు బిగుసుకొని, కలిపినప్పుడు పలుచబడుతుంది. అందువలననే కొద్దిపాటి మట్టిని ఎక్కువ నీటిలో కలిపి, సోడియం హెక్సామెటాఫాస్ఫేట్‌తో కణాలను విడదీస్తారు. నల్లరేగడి నమూనాల విషయంలో ఈ నియమాన్ని ఉపేక్షించరాదు.

కాబట్టి విశ్లేషణ పత్రంలో లోతు, కాలాలతోపాటు అవలంబనపు ఉష్ణోగ్రతను కూడా నమోదు చేయడం ప్రతి ప్రయోగశాల విధి. ఒక ఉష్ణమాపకం, ఒక అదనపు గడి ఇందుకు చాలు. సిఫారసు ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్త ముందుగా ఆ గడిని పరిశీలించాలి.