పొటాషియం తగ్గిన రోగి – నర్సు పరిచర్య ప్రణాళిక

మన శరీరంలోని పొటాషియంలో నూటికి 98 పాళ్ళు కణాల లోపలనే ఉంటుంది. రక్తంలో తిరిగే స్వల్పభాగం లీటరుకు 3.5 నుండి 5 మిల్లీ ఈక్వివలెంట్ల వరకు ఉండుట సహజం. అది 2.5 కంటె తగ్గినచో గుండె లయ తప్పి ప్రాణాపాయం కలుగవచ్చును.

గుండెజబ్బుకు ఫ్రూసమైడ్, డిగాక్సిన్ మాత్రలు వాడుతున్న ఒక వృద్ధురాలు విరేచనాలతో వార్డులో చేరినదనుకొందాం. మూత్రంతో కొంత, విరేచనాలతో కొంత పొటాషియం పోయినది. పరీక్షలో 2.8 వచ్చినది. ఆమె చెప్పేది మాత్రం "కాళ్ళు పీకుతున్నాయి, లేవలేకపోతున్నానమ్మా" అని. వయసు నీరసమని తోసిపుచ్చుట ఎంతో సులభం.

"పొటాషియం తక్కువ" అనునది వైద్యుని నిర్ణయం. నర్సు తన ప్రణాళికలో వ్రాయవలసినవి వేరు: గుండె లయ తప్పు ప్రమాదం, బలహీనతచే పడిపోవు ప్రమాదం, ప్రేగుల కదలిక మందగించి పొట్ట ఉబ్బుట. పొటాషియం తగ్గినపుడు డిగాక్సిన్ విషప్రభావం హెచ్చును గనుక, ఆ మాత్ర ఇచ్చుటకు ముందు గుండె కొట్టుకొనుటను పూర్తిగా ఒక నిమిషం లెక్కించవలెను. ఇ.సి.జి.లో టి తరంగం చదునై యు తరంగం కనిపించినచో వెంటనే వైద్యునికి తెలుపవలెను. ఆమెను ఒంటరిగా మంచం దిగనీయరాదు.

అన్నిటికంటె జాగ్రత్త కావలసినది సిర ద్వారా మందు ఎక్కించునపుడు. 15 శాతం పొటాషియం క్లోరైడు 10 మి.లీ. ఆంపూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటవి. దానిని సిరంజితో నేరుగా సిరలోనికి ఎక్కించినచో గుండె ఆగిపోవును. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ గాఢద్రావణాలను వార్డులలో ఉంచరాదని సూచించుటకు కారణమిదే. సెలైన్‌లో కలిపిన పిదప సీసాను పలుమార్లు తలక్రిందులు చేయవలెను. లేనిచో బరువైన మందు అడుగుకు దిగి తొలి చుక్కలతోనే అధికంగా పోవును. గ్లూకోజు సీసాలో కలుపుట మంచిది కాదు; అది ఇన్సులిన్‌ను పెంచి, రక్తంలో మిగిలిన పొటాషియంను కణాలలోనికి నెట్టును. సాధారణ వార్డులో గంటకు 10, చేతి సిరకు లీటరుకు 40 మిల్లీ ఈక్వివలెంట్లు మించరాదు. మూత్రం గంటకు 30 మి.లీ. కంటె తగ్గినచో వైద్యుని అడుగక మొదలుపెట్టరాదు. సూది వద్ద మంట, వాపు ఉన్నచో ఆపవలెను.

నోటితో తీసుకొనగలిగినచో సిరప్‌ను నీటిలో కలిపి భోజనానంతరం ఇచ్చుట మేలు. కొబ్బరినీరు, అరటిపండు మంచివే గాని, ఇంత లోటును అవి పూడ్చలేవు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అవే హాని. ఎంత ఇచ్చినను అంకె పెరగనిచో మెగ్నీషియం పరీక్షను వైద్యునికి గుర్తుచేయవలెను.

ఇంటికి పంపునాడు, కాళ్ళ పీకుడు, గుండెదడ, మరల విరేచనాలు – వీటిలో ఏది వచ్చినను మాత్రలన్నీ వెంట తీసుకొని రావలెనని ఆమెకును, ఆమె కోడలికిని తెలుగులోనో ఉర్దూలోనో, వారి ఇంటి మాటలోనే చెప్పి, తిరిగి వారిచేత చెప్పించవలెను.