దూకేది గాలిలోకి, నేర్చేది నేలమీద

బడి ఆటస్థలంలో ఒక మూల ఇసుక గుంట. దాని పక్కన రెండు గుంజలు, వాటి మేకులమీద ఒక వెదురు బద్ద. మీ బడిలో కూడా ఇలాంటిది ఉండే ఉంటుంది. మా బడిలో డ్రిల్లు మాస్టారు గుంట పక్కన నిలబడి, మేము పరుగెత్తుకుంటూ వస్తుంటే “పైకి! ఇంకా పైకి!” అని కేకలు వేసేవారు. ఆ కేక చెవిన పడేసరికి మేము గాలిలో ఉండేవాళ్ళం. చేతులు విదిలించేవాళ్ళం, కాళ్ళు తన్నేవాళ్ళం. బద్ద మాత్రం మాతోబాటే ఇసుకలో పడేది.

మాస్టారి ఉద్దేశం మంచిదే. కాని ఆ కేక కాస్త ఆలస్యం. ఎందుకో చూద్దాం.

ఒక రాయిని పైకి విసరండి. చేతిని వదిలాక అది ఎంత ఎత్తుకు పోతుందో మీరుగాని, ఆ రాయిగాని మార్చగలరా? వదిలే క్షణంలో దానికి ఎంత వేగం ఉంది, ఏ దిక్కుగా ఉంది అన్నవే దాని దారిని నిర్ణయిస్తాయి. ఆ తర్వాత పని అంతా గురుత్వాకర్షణది. దూకే మనిషికీ ఇదే నియమం. పాదం నేలను విడిచిందా, అతని గరిమనాభి ఎంత ఎత్తుకు చేరాలో అప్పటికే తేలిపోయింది. ఇక పైకి లేవాలంటే తన్నడానికి కింద ఏదైనా ఉండాలి కదా! గాలి అందుకు పనికిరాదు. గాలిలో అతను చేయగలిగినదల్లా తల, నడుము, కాళ్ళు బద్దకు తగలకుండా సర్దుకోవడమే.

అందుకే దూకడం నేర్పే మంచి శిక్షకుడి పక్కన నిలబడితే మీకొక వింత కనిపిస్తుంది. అందరూ బద్దవైపు చూస్తుంటే, ఆయన నేలవైపు చూస్తుంటాడు. ఆయనకు కావలసింది కుర్రవాడి చివరి నాలుగైదు అడుగులు.

ఇప్పుడొక చిన్న లెక్క. ఆరడుగుల పైచిలుకు పొడవున్న కుర్రవాడు రెండు చేతులు, ఒక మోకాలు పైకెత్తి, ఒంటికాలి మునివేళ్ళమీద నేలను విడుస్తున్నాడనుకోండి. ఆ క్షణంలో అతని గరిమనాభి నేలకు సుమారు 1.35 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దాన్ని 2.25 మీటర్లకు చేర్చాలంటే ఇంకా 0.9 మీటరు లేవాలి. అందుకు ఎంత నిలువు వేగం కావాలి? వేగం వర్గం అంటే 2 × 9.8 × ఎత్తు అని మీ భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్నదే. 2 × 9.8 × 0.9 = 17.64. దాని వర్గమూలం 4.2. అంటే సెకండుకు 4.2 మీటర్లు. అదే 4.3 అయితే ఏమవుతుందో మీరే లెక్క వేయండి. గరిమనాభి ఇంకో 4 సెంటీమీటర్లు పైకి పోతుంది. పెద్ద పోటీల్లో పతకం వచ్చినవాడికీ, ఉత్త చేతులతో ఇంటికి వెళ్ళేవాడికీ మధ్య తరచు ఉండే తేడా ఇంతే!

ఈ వేగమంతా ఎంతసేపట్లో రావాలో తెలుసా? ఆఖరి పాదం నేలను తాకి, మళ్ళీ విడిచేలోపల. అది సెకండులో సుమారు ఆరో వంతు. అంత కొద్ది వ్యవధిలో అంత వేగం రావాలంటే, నేలను సగటున తన బరువుకు మూడున్నర రెట్ల బలంతో తొక్కాలి. 70 కిలోల కుర్రవాడి ఒంటికాలిమీద ఆ క్షణంలో రెండున్నర క్వింటాళ్ళ బరువు పడినట్టన్నమాట. కాలు వంచి, ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా పైకి నెట్టుకునే వ్యవధి లేదు.

మరి ఎలా సాధ్యం? పంట కాలువ దాటడానికి కుర్రాళ్ళు వెదురు గెడ వాడడం మీలో కొందరు చూసి ఉంటారు. పరుగెత్తుకుంటూ వచ్చి గెడను ముందుకు నాటుతారు. గెడ కొన నేలలో ఆగిపోతుంది. మనిషి ఆగడు, గెడమీదుగా పైకి లేచి అవతల పడతాడు. ముందుకు పోతున్న వేగంలో కొంత పైకి మళ్ళింది. హైజంప్‌లో ఆ గెడ మన కాలే. మంచి దూకరి సెకండుకు 7, 8 మీటర్ల వేగంతో వచ్చి, ఆఖరి పాదాన్ని ఒంటికి బాగా ముందుగా నాటుతాడు. కాలు గట్టిగా నిలిస్తే శరీరం దానిమీదుగా పైకి లేస్తుంది. మోకాలు కూలిపోయిందా, ఆ వేగమంతా వృథా. గెడ విరిగితే కాలువలో పడడమే కదా!

శిక్షకుడికి అసలు చిక్కు ఇక్కడే ఉంది. వేగం పెంచితే ఎత్తు పెరగాలి. కాని కాలు ఓర్చుకోలేనంత వేగం వస్తే ఎత్తు తగ్గిపోతుంది, పైగా చీలమండకో, మోకాలికో ముప్పు. కాబట్టి ప్రతి కుర్రవాడికీ, ప్రతి అమ్మాయికీ అప్పటి బలానికి తగిన ఒక వేగం ఉంటుంది. దాన్ని కనిపెట్టడం, ఏడాదిలో కాలి బలం పెరిగినకొద్దీ ఆ వేగాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోవడం, ఇదే శిక్షకుడి విద్య. ఆయన జేబులో టేపు ఉంటుంది. పరుగు మొదలయ్యే చోట ఒక గుర్తు, వంపు తిరిగే చోట ఒక గుర్తు పెడతాడు. వారమంతా పూర్తి పరుగుతో దూకించడు. చాలా రోజులు మూడు అడుగులు, అయిదు అడుగుల పొట్టి పరుగుతోనే సరిపెడతాడు. రెండున్నర క్వింటాళ్ళ దెబ్బలు కాలు రోజుకు ఎన్ని తినగలదు మరి!

వంపు అన్నాను కదూ. హైజంప్ పరుగు కొడవలిలా ఉంటుంది. మొదట పిడిలాగా తిన్నగా, చివరి నాలుగైదు అడుగులు అలుగులాగా వంపుగా. వంపులో సైకిలు తొక్కేవాడు లోపలికి ఒరిగినట్టే దూకరి కూడా లోపలికి ఒరుగుతాడు. ఒరిగినందువల్ల మోకాళ్ళు ఎక్కువ వంచకుండానే గరిమనాభి కిందికి దిగుతుంది. ఆఖరి అడుగులో ఒంపు సరై నిటారుగా లేచేటప్పుడు పైకి తోయడానికి అంత మేర ఎక్కువ దూరం దొరుకుతుంది. బద్ద మీదుగా దొర్లడానికి కావలసిన తిరుగుడు కూడా అక్కడే పుడుతుంది. అదీ గాలిలో పుట్టేది కాదు!

ఈ వంపు పరుగును లోకానికి చూపినవాడు డిక్ ఫాస్‌బరీ. అమెరికాలో ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివేవాడు. ఆ రోజుల్లో మేటి దూకరులంతా బద్దమీద బోర్లా దొర్లి అవతల పడేవారు. ఫాస్‌బరీకి ఆ పద్ధతి ఎంతకీ పట్టుబడలేదు. హైస్కూలు రోజుల్లోనే తనకు తోచినట్టు వీపు బద్దవైపు తిప్పి, వెల్లకిలా దాటడం మొదలుపెట్టాడు. కాలేజీలో అతని శిక్షకుడు బెర్నీ వాగ్నర్‌కు ఇది నచ్చలేదు. బోర్లా పద్ధతే నేర్చుకోమని సాధన చేయించాడు. మరుసటి ఏడాది ఫాస్‌బరీ తన పద్ధతిలోనే దూకి కాలేజీ రికార్డును దాటేసరికి వాగ్నర్ పట్టు విడిచి, ఆ దూకుడును ఫిల్ము తీసి పరిశీలించసాగాడు. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో ఫాస్‌బరీ 2.24 మీటర్లు దాటి స్వర్ణపతకం గెలిచాడు. శిష్యుడి దగ్గర నేర్చుకోవడానికి నామోషీ పడని ఆ శిక్షకుడిని కూడా మెచ్చుకోవాలి అని నాకనిపిస్తుంది.

వెల్లకిలా దాటడంలో లాభమేమిటి? గారెను చూడండి. దాని గరిమనాభి పిండిలో లేదు, మధ్య చిల్లులో ఉంది! అలాగే బద్దమీద వీపు విల్లులా వంగినప్పుడు గరిమనాభి ఒంటి అంచుకో, ఒంటి బయటికో వస్తుంది. తల ముందు దాటుతుంది, నడుము తర్వాత, కాళ్ళు ఆఖరున. కాబట్టి గరిమనాభి బద్దకు చాలా పైగా పోనక్కర లేదు. అయితే ఈ పద్ధతిలో దిగేది వీపుమీద, మెడమీద. మందపాటి ఫోం పరుపులు వచ్చాకనే ఇది సాధ్యమయింది. మీ బడి ఇసుక గుంటలో మాత్రం దీన్ని ఎప్పుడూ ప్రయత్నించకండి. ఇసుకలో దూకేటప్పుడు కత్తెరలాగా కాళ్ళు వేసి, కాళ్ళమీదే దిగాలి.

ఇక మరో శిక్షకుడి దగ్గరికి వెళదాం. అమెరికా నడిబొడ్డున, గోధుమలు పండే కాన్సాస్ రాష్ట్రంలో మన్‌హాటన్ అనే చిన్న ఊరుంది. న్యూయార్కులో ఉన్న మన్‌హాటన్ వేరు. ఇక్కడి కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో క్లిఫ్ రోవెల్టో అనే ఆయన చాలా ఏళ్ళు దూకరులకూ, డెకాథ్లాన్ వంటి బహుళ పోటీల వారికీ శిక్షణ ఇచ్చాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 2.33 మీటర్లు దూకిన ఎరిక్ కినార్డ్ ఆయన శిష్యుడే. ఢిల్లీ కుర్రవాడు తేజస్విన్ శంకర్ 2017లో అక్కడ చేరాడు. 2018లో 2.29 మీటర్లు దూకి భారత రికార్డు నెలకొల్పాడు. అమెరికా విశ్వవిద్యాలయాల జాతీయ పోటీల్లో 2018లోనూ, 2022లోనూ హైజంప్‌లో మొదటివాడుగా నిలిచాడు.

అలాంటివాడు డెకాథ్లాన్‌లోకి దిగాడు! రెండు రోజుల్లో పది పోటీలు. మొదటిరోజు 100 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్, హైజంప్, 400 మీటర్లు. రెండోరోజు 110 మీటర్ల హర్డిల్స్, డిస్కస్, పోల్‌వాల్ట్, జావెలిన్, 1500 మీటర్లు. దూకరుల శిక్షకుడికి ఇనప గుండుతో, ఈటెతో ఏం పని అని మీరడగవచ్చు. జావెలిన్ విసిరేవాడి ఆఖరి అడుగు గమనించండి. వేగంగా వచ్చి ముందుకాలిని కర్రలా నాటుతాడు. కింది శరీరం ఆగిపోతుంది, ఆ వేగం భుజంలోకి, ఈటెలోకి పోతుంది. మళ్ళీ మన కాలువ గెడ కథే! లాంగ్‌జంప్‌లో పలకమీద పడే పాదం, పోల్‌వాల్ట్‌లో గెడ నాటేటప్పటి అడుగు, హర్డిల్ ముందు అడుగు, అన్నీ దీనికి చుట్టాలే. ఒకటి బాగా తెలిసినవాడు తక్కినవాటిని త్వరగా పట్టుకోగలడు.

చిక్కల్లా రోజుకు ఉన్న గంటలు, మనిషికి ఉన్న కాళ్ళు. డెకాథ్లాన్‌లో ప్రతి పోటీకీ ఒక పట్టిక ప్రకారం పాయింట్లు ఇస్తారు. హైజంప్‌లో 2 మీటర్లు దూకితే 803, 2.03 దూకితే 831. అంటే 3 సెంటీమీటర్లకు 28 పాయింట్లు. 1500 మీటర్లను నాలుగున్నర నిమిషాల్లో పరుగెత్తేవాడు ఇంతే సంపాదించుకోవాలంటే నాలుగు సెకండ్లకు పైగా తగ్గించుకోవాలి. ఏది చవక? దూరపు పరుగులు ఎక్కువ పెడితే కాలిలో చురుకు తగ్గవచ్చు. షాట్‌పుట్ కోసం కండ పెంచితే ఆ బరువును కూడా బద్ద దాటించాలి. శిక్షకుడు ప్రతి వారమూ వేసే లెక్క ఇది. పుస్తకంలో దీనికి జవాబు లేదు. ఆ మనిషిని చూసి చెప్పాలి.

హాంగ్‌జౌలో 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో తేజస్విన్ మొదటిరోజు అంకెలు చూడండి. 100 మీటర్లు 11.12 సెకండ్లు, 834 పాయింట్లు. లాంగ్‌జంప్ 7.37 మీటర్లు, 903. షాట్‌పుట్ 13.39 మీటర్లు, 691. హైజంప్ 2.21 మీటర్లు, 1002! 400 మీటర్లు 49.67 సెకండ్లు, 830. రెండోరోజు ముగిసేసరికి మొత్తం 7666. రజతపతకం, అప్పటికి జాతీయ రికార్డు. ఆసియా క్రీడల డెకాథ్లాన్‌లో భారతదేశానికి 1974 తర్వాత వచ్చిన మొదటి పతకం అదే. అతని మొదటిరోజు అంకెల్లో అన్నిటికంటే చిన్నది ఏదో చూశారా? ఇనప గుండును ఇంకో మీటరు దూరం విసిరి ఉంటే 61 పాయింట్లు కలిసేవి. శిక్షకుడి కన్ను ముందుగా పడేది ఆ 691 మీదే.

అదే క్రీడల్లో మన తెలంగాణ అమ్మాయి నందిని అగసర హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం తెచ్చింది. మహిళల హెప్టాథ్లాన్‌లో ఏడు పోటీలు. 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు మొదటిరోజు. లాంగ్‌జంప్, జావెలిన్, 800 మీటర్లు రెండోరోజు. ఏడింటిలో కాలు నాటే విద్య ఎన్నింటికి కావాలో మీరే లెక్కపెట్టండి.

చివరగా ఒక ప్రయోగం. మెత్తని నేల ఉన్నచోట, అడ్డంగా చాచిన చెట్టుకొమ్మకు అయిదారు గుడ్డపేలికలు వరసగా కట్టండి. ఒక్కొక్కటి ముందుదానికంటే మూడు వేళ్ళ ఎత్తులో ఉండాలి. ముందు నిలుచున్నచోటునుంచే ఒంటికాలితో ఎగిరి ఏ పేలిక అందుతుందో చూడండి. తర్వాత ఒక అడుగు వేసి, తర్వాత మూడు, అయిదు, ఏడు అడుగులు పరుగెత్తి ఎగరండి. ప్రతిసారీ నడుమ కాస్త విశ్రాంతి తీసుకోండి. మొదట ఒక్కొక్క పేలికే పైకి పోతారు. ఎక్కడో ఒకచోట, పరుగు పెరిగినా పై పేలిక అందడం ఆగిపోతుంది. ఎన్ని అడుగుల దగ్గర ఆగిందో తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకోండి. రెండు నెలలు రోజూ తాడాట ఆడి, మళ్ళీ అదే కొమ్మ కిందికి వెళ్ళండి.