పూత మీద బేరం

రండర్రా, అరుగు మీద చోటుంది, సర్దుకుని కూర్చోండి. ఓట్లకీ షేర్ మార్కెట్‌కీ సంబంధమేంటి తాతయ్యా అని చిన్నది పొద్దుట్నించీ నా ప్రాణం తీస్తోంది. మంచి ప్రశ్నే. మన హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు రోడ్డెక్కితే జవాబు మామిడి తోటల్లోనే దొరుకుతుంది.

సంక్రాంతి వెళ్లాక చెట్లు విరగబూసి ఉంటాయి చూడండి, అప్పుడే వ్యాపారి వచ్చి తోటంతా కలియదిరుగుతాడు. కాయ లేదు, పిందె లేదు. అయినా పూత చూసి ఇన్ని టన్నులు దిగుతాయని లెక్క కట్టి డబ్బు మాట్లాడేస్తాడు. ఎండాకాలంలో రాబోయే చిన్నరసాలకి ఇప్పుడే ధర కడుతున్నాడన్నమాట. పది టన్నులు వస్తాయనుకున్న తోటలో ఎనిమిదే దిగేట్టుందని తెలిసిందనుకోండి. ఎనిమిదంటే మంచి కాపే! అయినా ఆ తోట బేరం ఆ పూటే పడిపోతుంది.

షేరు ధరా అంతేనర్రా. ఒక కంపెనీ ముందుముందు సంపాదించబోయే లాభంలో చిన్న వాటాకి ఇవాళ కట్టే వెల అది. రోడ్లు వేస్తారా, పన్నులు పెంచుతారా, ప్రభుత్వ కంపెనీలకి పనులొస్తాయా అన్నవన్నీ ఢిల్లీలో ఎవరు కూర్చుంటారన్నదాన్ని బట్టి మారతాయి. అందుకే ఎన్నికలొస్తే మార్కెట్‌కి నిద్రుండదు.

2024 జూన్ సంగతి చెప్తా వినండి. ఒకటో తారీఖు శనివారం సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. బీజేపీ కూటమి ఎన్డీయేకి 350 సీట్లు దాటతాయని చాలామంది చెప్పారు. సోమవారం షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ ఒక్కరోజే 2,507 పాయింట్లు పెరిగి 76,468 దగ్గర ముగిసింది. మర్నాడు అసలు ఓట్లు లెక్కపెడితే వచ్చినవి 293. మెజారిటీకి 272 చాలు కదా, ప్రభుత్వం వస్తుంది కదా? వస్తుంది. అయినా సెన్సెక్స్ 4,389 పాయింట్లు పడి 72,079కి దిగింది. అదే రోజు సబ్బులూ టీపొడీ అమ్మే హిందుస్థాన్ యూనిలీవర్ షేరు పెరిగింది. ఎవరు గెలిచినా జనం బట్టలుతుక్కుంటారు, టీ తాగుతారు మరి!

బీజేపీకి సొంతంగా 240 సీట్లే రావడంతో అందరి చూపూ మన రాష్ట్రం మీద పడింది. ఇక్కణ్ణుంచి గెలిచిన 16 మంది టీడీపీ ఎంపీలు ఎన్డీయేలోనే ఉంటారా? ఐదో తారీఖున ఉంటారని తేలింది, మార్కెట్ 2,303 పాయింట్లు లేచింది. శుక్రవారం నాటికి 76,693. సోమవారం నాటి స్థాయిని కూడా దాటేసిందన్నమాట.

ఈలోగా ఇంకో వింత. టీడీపీ నాయకుడు చంద్రబాబు నాయుడు గారు 1992లో పెట్టిన పాల కంపెనీ హెరిటేజ్ ఫుడ్స్. దాని షేరు జూన్ 3న 424 రూపాయల దగ్గరుంటే, 7 నాటికి 661కి ఎక్కింది. ఆ వారంలోనే మా పాలకేంద్రం దగ్గర ఒకావిడ, "పాల కంపెనీ షేర్లు అంత పెరిగాయంట గదా బాబాయ్, మరి మా పాలకి రేటు పెంచుతారా?" అని అడిగింది. ఎంత చక్కటి ప్రశ్నో! ఆమెకిచ్చేది ఇవాళ పాలలో ఉన్న వెన్న శాతాన్ని బట్టి. షేరుకిచ్చేది రాబోయే ఏళ్ల మీద ఆశకి. ఆ నాలుగు రోజుల్లో గేదెలు అదనంగా ఒక్క గిద్దెడు పాలు కూడా ఇవ్వలేదు. పెరిగిందల్లా ఆశే.

మార్కెట్‌కి ఫలానా పార్టీ అంటేనే ఇష్టం అనుకోకండి. 2004లో వాజ్‌పేయి ప్రభుత్వం ఓడిపోతుందని మార్కెట్ కలలోనైనా అనుకోలేదు. మే 17న ధరలు ఎంతగా కూలాయంటే, రెండుసార్లు లావాదేవీలు ఆపాల్సొచ్చింది. సెన్సెక్స్ 4,505 దగ్గర ముగిసింది. అప్పుడు గెలిచిన కాంగ్రెస్ కూటమే 2009లో మళ్లీ గెలిస్తే, మే 18న సూచీ 17 శాతం ఎగిరింది. ఈసారి ఎగిరినందుకే లావాదేవీలు ఆపేశారు! 2004లో ఓటమి ఊహకందలేదు, 2009లో అంత స్పష్టమైన గెలుపు ఊహకందలేదు.

ఇంకో సంగతి కూడా విని లేవండి. 2004లో మార్కెట్‌ని అంత భయపెట్టిన ఆ ప్రభుత్వం ఉండగానే, 2008 జనవరిలో సెన్సెక్స్ 21,000 దాటింది. ఆ ఏడాదే మళ్లీ కూలిపోయిన మాటా నిజమే. కానీ దానికి కారణం మన ఓట్లు కాదు, అమెరికా బ్యాంకుల సంక్షోభం.