సిలికాన్‌పై ఒక పరమాణువంత పొర

పరదేశంలో ఉన్న మనం స్వగ్రామంలోని తల్లిదండ్రులతో పలికే మాట సముద్రగర్భంలోని గాజు తంతువులలో కాంతిరూపంలో పయనిస్తుంది. ఆ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 1550 నానోమీటర్లు. అట్టి కాంతిని చిన్న సిలికాన్ చిప్‌పైనే నడిపించే విద్యకు సిలికాన్ ఫోటానిక్స్ అని పేరు. దానిలో అర మైక్రాను వెడల్పు గల సిలికాన్ కాలువల వెంట కాంతి ప్రవహిస్తుంది.

1100 నానోమీటర్లకు మించిన కాంతికి సిలికాన్ గాజువలె పారదర్శకం. కనుకనే అది చక్కని కాలువ; కనుకనే ఆ కాంతిని పట్టి విద్యుత్తుగా మార్చలేదు. దానిపై జెర్మేనియం స్ఫటికాన్ని పెంచి ఆ పని చేయిస్తున్నారు. కాని రెండింటిలో పరమాణువుల ఎడం సుమారు 4 శాతం భిన్నం కావడంచేత అతుకు వద్ద లోపాలు ఏర్పడతాయి.

2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్‌లు గ్రాఫైట్ నుండి అంటుటేపుతో వేరుచేసిన గ్రాఫీన్‌కు ఈ చిక్కు లేదు. ఇది ఒకే పరమాణువు మందం గల కార్బన్ పొర. స్ఫటికాల అమరిక కలియకున్నా, వాన్ డెర్ వాల్స్ బలంతో ఏ నునుపైన తలాన్నైనా అంటిపెట్టుకుంటుంది.

నిటారుగా తాకిన కాంతిలో గ్రాఫీన్ గ్రహించేది 2.3 శాతమే. అదే పొరను కాలువ పొడవునా పరచినచో, కాంతి సాగినకొద్దీ శోషణ పెరుగుతుంది. పైగా వోల్టేజిని మార్చి ఆ శోషణను హెచ్చించవచ్చు, తగ్గించవచ్చు. 2011లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ సూత్రంపైనే కాంతిలో సంకేతాలను ముద్రించే మాడ్యులేటర్‌ను నిర్మించారు. 2013లో సిలికాన్ కాలువపై గ్రాఫీన్ పరచి, కాంతిని విద్యుత్తుగా మార్చే సాధనాలు కూడా వెలువడ్డాయి.

అసలు కష్టం పరచడంలోనే ఉంది. మేలైన గ్రాఫీన్‌ను రాగి రేకుపై సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద పెంచుతారు. చిప్‌లోని లోహపు తీగలు అంత వేడిని తాళలేవు. కనుక వేరుగా పెంచి, పాలిమర్ పూత పూసి, రాగిని కరిగించి, మిగిలిన పొరను సిలికాన్‌పైకి చేరుస్తారు. వేడి కుండపై నుండి ఆత్రేయపురం పూతరేకును చిరగకుండా తీయడంలోని కష్టం మన ఆడపడుచులకు తెలియనిది కాదు. ఇక్కడి పొర దానికంటే వేలరెట్లు పలుచన! ముడత పడవచ్చు, చిరగవచ్చు. పాలిమర్ మరకలు మిగలవచ్చు. మిగిలిన రాగి లేశమాత్రమైనా ట్రాన్సిస్టర్లకు హాని.

ప్రయోగశాలలో ఒక్క చిప్ పనిచేస్తే పరిశోధనా పత్రం వెలువడుతుంది. కర్మాగారానికి మాత్రం 300 మిల్లీమీటర్ల పలకపైని చిప్‌లన్నీ ఒక్కతీరుగా పనిచేయాలి. ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లలకు చేతినిండా పని అక్కడే ఉంది.